రెసీడా ఇంటికి భూకంపపు గ్యాస్ వాల్వు: వస్తువుకు ఐదుకు నాలుగు, బిగించిన మనిషికి ఐదుకు ఐదు

ఈ వస్తువును నేను ముచ్చటపడి కొనలేదు. వంటిల్లు పడగొట్టి కొత్తగా చేయించుకోవడం మొదలుపెట్టాక నగర నిబంధన కొనిపించింది. లాస్ ఏంజలెస్‌లో 1995 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇల్లు కట్టుకోవడానికైనా, ఉన్న ఇంట్లో 10,000 డాలర్లు దాటే మార్పులు చేయడానికైనా పర్మిట్ తీసుకుంటే, భూకంపం వచ్చినప్పుడు గ్యాస్‌ను తనంతట తానే ఆపేసే వాల్వు ఒకటి పెట్టించాలి. ఇల్లు అమ్మేవారికీ ఇది తప్పదు. నిబంధన వచ్చిన రోజుల్లో పది వేలంటే పెద్ద పనే అయి ఉంటుంది. ఇప్పుడు ఆ డబ్బుకు వంటింటి అల్మరాలు కూడా రావు. పెద్ద మార్పుల కోసమని పెట్టిన గీత ఇప్పుడు వంటింటి జోలికి వెళ్లిన ప్రతివారినీ పట్టుకుంటోంది. పట్టుకోనీండి, నాకేమీ ఫిర్యాదు లేదు.

టైల్స్ రంగు గురించి మా ఇంట్లో జరిగిన వాదోపవాదాల్లో పదో వంతు కూడా ఈ వాల్వు గురించి జరగలేదు. మావారైతే బిల్లు చూసేదాకా ఇలాంటిది ఒకటి ఉందని గమనించనే లేదు. కానీ ఆ పనిలో పెట్టిన ఖర్చులన్నిటిలో, ఇప్పటికీ నేను సంతోషంగా తలచుకునేది ఈ ఒక్కదాన్నే. తెల్లని రాతి పలకను పసుపు మరకలు పడేదాకానే మెచ్చుకోగలిగాను.

మేమున్నది లాస్ ఏంజలెస్ నగరంలోనే, రెసీడా అనే పేటలో. 1994 జనవరి 17 తెల్లవారుజామున 4:31కి వచ్చిన 6.7 తీవ్రత భూకంపానికి నార్త్‌రిడ్జ్ పేరు పడింది గానీ, దాని కేంద్రం ఉన్నది మా రెసీడా కిందనే. అప్పటికి మేము ఈ దేశంలో లేము. మా వీధిలో పాతకాపులైన దంపతులున్నారు, ఆ సంగతులన్నీ వారి నోటనే విన్నాను. పొగగొట్టాలు కూలిన ఇళ్లు, చీకట్లో చెప్పులు దొరక్క గాజుపెంకుల మీద నడిచిన మనుషులు. ఆ భూకంపం తర్వాత ఈ ప్రాంతంలో వందకు పైగా మంటలు లేచాయి. గ్రెనడా హిల్స్‌లో బాల్బోవా బులవార్డ్ మీద పెద్ద గ్యాస్ గొట్టం పగిలి అంటుకుంది. పక్కనే నీటి గొట్టం కూడా పగలడంతో వీధిలో ఒకేసారి వరద, మంట. సిల్మార్ వైపు మొబైల్ హోమ్‌లు, అంటే ఎక్కడో తయారుచేసి తెచ్చి దిమ్మెల మీద నిలిపిన ఇళ్లు, వాటి మీది నుంచి జారిపడి, గ్యాస్ గొట్టాలు తెగి, వరుసగా కాలిపోయాయి. ఆ మరుసటి ఏడాదే వాల్వు నిబంధన వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పాలి. బాల్బోవా మీద లేచిన మంటను ఇళ్ల దగ్గర బిగించే ఏ వాల్వూ ఆపలేకపోయేది. అది వీధి కింద ఉన్న పెద్ద గొట్టం. మనం కొనేది మన మీటరు తర్వాతి భాగానికి మాత్రమే కాపలా. నీళ్ల హీటరు ఒరిగిపోయి దాని గొట్టం తెగడం, స్టవ్ ముందుకు జరిగి వెనక కనెక్షన్ ఊడిపోవడం, బట్టలారబెట్టే యంత్రం దగ్గర కీలు వదులు కావడం, ఇలాంటివాటికి. దుకాణంవాళ్లు చెప్పే మాటలు వింటే ఇల్లంతా ఇనుప కవచం తొడిగినట్లు అనిపిస్తుంది. అంత లేదు.

మన వాళ్లకు దీని అవసరం వెంటనే ఎందుకు తట్టదో నాకు అర్థమవుతుంది. విజయవాడలో అమ్మ వంటిల్లు సర్దేశాక రెగ్యులేటరు కట్టేస్తేనే పక్క మీదికి వెళ్లేది. ఊరు వెళ్తున్నామంటే తాళం వేశాక కూడా ఒకసారి వెనక్కి వచ్చి చూసేది. గ్యాస్ అంటే సిలిండరు, దానికొక రెగ్యులేటరు, కట్టేస్తే అయిపోయింది. ఇక్కడ ఆ అలవాటుకు చోటే లేదు. వీధిలోంచి వచ్చిన గ్యాస్ గోడల్లోంచి, కప్పు మీదుగా, నేల కిందుగా నాలుగు యంత్రాలకు పగలూ రాత్రీ వెళ్తూనే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు దాన్ని ఎవరూ కట్టేయరు, కట్టేస్తే తెల్లారి వేడినీళ్లుండవు. మీటరు దగ్గర చేతితో కట్టేసే వాల్వు ఒకటి ఉంటుంది. పెద్ద పానాతో పావు తిప్పు తిప్పి, దాని పలక గొట్టానికి అడ్డంగా వచ్చేలా చేస్తే మూసుకుంటుంది. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు, కరెంటు పోయి, ఇల్లంతా చిందరవందరగా ఉన్నప్పుడు ఎవరు వెళ్లి తిప్పుతారు? అసలు మనం ఇంట్లో లేకపోతే?

ఇక వస్తువు సంగతి. పిడికిలి కన్నా కొంచెం పెద్దదైన లోహపు డొల్ల. లోపల చిన్న దిమ్మె మీద ఒక ఉక్కు గుండు కూర్చుని ఉంటుంది. భూమి గట్టిగా ఊగితే గుండు దిమ్మె మీది నుంచి దొర్లి గ్యాస్ వెళ్లే రంధ్రం మీద పడుతుంది. వెనక నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడే దాన్ని అక్కడ అదిమి పట్టి ఉంచుతుంది. అంతే. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, ఫోనులో యాప్ లేదు. ఈ తరహా వాల్వుల్లో చాలావాటి కిటుకు ఇదే, కొన్నింటిలో గుండుకు బదులు వేరే ఏర్పాటు ఉంటుంది. కాలిఫోర్నియాలో అమ్మాలంటే రాష్ట్ర ఆర్కిటెక్ట్ విభాగం ధ్రువీకరణ ఉండాలి. ఆ జాబితాలో లేనిది ఎంత చవకగా దొరికినా కొనకండి, నగర ఇన్‌స్పెక్టరు ఒప్పుకోరు.

ఆ ఏడాది మా నాన్న ఇక్కడే ఉన్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో మెయింటెనెన్స్ విభాగంలో చేసి రిటైరయిన మనిషి. చూడవలసిన ఊళ్లన్నీ వదిలేసి, పెట్టె విప్పిన దగ్గర నుంచి ఈ వాల్వును చేతిలో తిప్పుతూ కూర్చున్నారు.

“దీనికి కరెంటు అక్కర్లేదా అమ్మాయ్?”

“అక్కర్లేదు నాన్నా.”

“అయితే నమ్మవచ్చు. మరి లైన్‌లో ఒత్తిడెంత?”

ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు. ప్లంబరును అడిగితే ఇంట్లోకి వచ్చేది చదరపు అంగుళానికి సుమారు పావు పౌండు మాత్రమే అన్నారు. నాన్న తల పంకించారు. అంత స్వల్ప ఒత్తిడితో మూసుకుని ఉండాలంటే గుండు, అది కూర్చునే అంచు రెండూ నున్నగా ఉండాలి, మురికి చేరకూడదు అన్నారు. వాల్వు లోపలికి గొట్టాల తుప్పు, వాటి చివర మరలు కోసిన చోట్ల పూసే జిగురు వెళ్లకుండా శుభ్రంగా బిగించడం ఎందుకంత ముఖ్యమో ఆ ఒక్క మాటతో బోధపడింది. డబ్బా మీద ఈ ముక్క ఎక్కడా లేదు.

డబ్బా మీద ఉన్నదల్లా 5.4 తీవ్రత దాటితే మూసుకుంటుందన్న ముక్క. దీన్ని చూసి మురిసిపోకండి, కంగారూ పడకండి. వాల్వుకు తీవ్రత తెలియదు, తన గొట్టం ఎంత ఊగిందో మాత్రమే తెలుస్తుంది. దూరాన 7 వచ్చినా మీ ఇంటి దగ్గర ఊపు నెమ్మదిగా ఉంటే అది కదలకపోవచ్చు. మీ కాళ్ల కింద 5 వస్తే మూసుకోవచ్చు. మేం పెట్టించాక 2024లో రెండు చిన్న పరీక్షలు జరిగాయి. ఆగస్టు 12 మధ్యాహ్నం హైలాండ్ పార్క్ దగ్గర 4.4, సెప్టెంబరు 12 ఉదయం మాలిబు దగ్గర 4.7. రెండోది వచ్చినప్పుడు స్టవ్ మీద పాలున్నాయి. అల్మరాలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి, నేను పొయ్యి కట్టేసి బల్ల కిందికి దూరాను. తర్వాత వెళ్లి చూస్తే వాల్వు తెరిచే ఉంది. అది దాని లోపం కాదు, గుణం. ప్రతి చిన్న కదలికకూ మూసుకునే వాల్వును జనం విసిగిపోయి తీయించేస్తారు.

బిగింపు దగ్గరే అసలు కథ. నా సలహా అడిగేవారికి నేను ముందు చెప్పేది కూడా దీని గురించే.

తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో ఒకరి నంబరిచ్చారు, తక్కువలో చేస్తారని. ఆయన పేరు ఇక్కడ అనవసరం. వచ్చీరాగానే పర్మిట్ లేకుండా నగదుకైతే ఒక రేటు, పర్మిట్‌తో అయితే ఇంకో రేటు అన్నారు. మీటరు వైపు కనీసం చూడకుండానే, నేను అడగని ఎలక్ట్రానిక్ సెన్సరు ఒకటి తీసి, ఫోనుకు సందేశం వస్తుందని వర్ణించడం మొదలుపెట్టారు. వాల్వును గోడకు క్లాంపుతో బిగించాలి కదా అంటే, గొట్టమే గట్టిగా ఉంది, అక్కర్లేదన్నారు. అక్కడే ఆయనకు టీ ఇచ్చి పంపేశాను. ఆ క్లాంపు అలంకారం కాదు. ఇల్లు ఎలా ఊగుతుందో వాల్వు కూడా అలాగే ఊగాలి, అందుకని భవనానికి కదలకుండా బిగించి ఉండాలి. గాలికి ఊగే గొట్టం మీద దాన్ని వేలాడదీస్తే ఎవరైనా కాలు తగిలించినా మూసుకుంటుంది.

రెండో ఆయన లైసెన్సున్న ప్లంబరు. ఇక్కడ ప్లంబింగ్ కాంట్రాక్టర్లకు సీ-36 అనే లైసెన్సు ఉంటుంది, నంబరు అడిగి రాష్ట్ర బోర్డు వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అడిగితే నొచ్చుకునేవారితో పని పెట్టుకోకపోవడమే మంచిది. ఈయన ముందు టేపు తీసి గొట్టం కొలిచారు. ఇంట్లో గ్యాస్‌తో నడిచేవి ఏమేమి ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత వాడుతుందో రాసుకున్నారు. ముప్పావు అంగుళానిదా, అంగుళానిదా అన్నది ఆ లెక్క మీద ఉంటుంది, కంటితో చూసి చెప్పేది కాదు. గొట్టం నిలువుగా ఉన్నచోటికి ఒక రకం, అడ్డంగా ఉన్నచోటికి ఇంకో రకం వాల్వు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం కుదరదు, ఎందుకంటే గుండు దిమ్మె మీద సమంగా కూర్చోవాలి. మా కొత్త స్టవ్ పాతదాని కన్నా పెద్దది కాబట్టి ఈ లెక్క మరీ అవసరమయింది.

పని చేసిన తీరు చూడముచ్చటగా ఉంది. మీటరు దగ్గర కట్టేసి, మీటరు తర్వాత మా గొట్టం కోసి, మరలు తుడిచి, వాల్వు పెట్టి, మట్టసం చూసే పరికరం ఆనించి, గోడ లోపలి చెక్క నిలువును వెతికి క్లాంపు బిగించారు. సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూశారు. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు, అయినా వాల్వుల గురించి మాట్లాడుకోవడానికి ఇబ్బందేమీ కనిపించలేదు. నీళ్ల హీటరులో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట వెలిగించాక గానీ ప్లంబరు కదల్లేదు. పోతూ పోతూ హీటరుకు కట్టిన పట్టీలను లాగి చూశారు. ఈ రాష్ట్రంలో నీళ్ల హీటర్లను పై మూడో భాగంలో ఒకటి, కింది మూడో భాగంలో ఒకటి పట్టీ వేసి గోడకు కట్టాలి. మాది పైన మాత్రమే ఉంది. కిందిది కూడా వేసి, దానికి సామాను ఖర్చు మాత్రమే తీసుకున్నారు.

వాల్వు 160 డాలర్లు, బిగింపు 340, పర్మిట్ రుసుము వేరు. ఇన్‌స్పెక్టరు మరో రోజు వచ్చి మోడల్ నంబరు, క్లాంపు, గ్యాస్ పారే దిక్కు చూపే బాణం గుర్తు చూసి సంతకం పెట్టి వెళ్లారు.

వస్తువుకు ఐదుకు నాలుగే ఎందుకిచ్చానంటే, లోపల అంత తెలివిగా ఆలోచించినవాళ్లు బయట మనిషి ఎలా వాడుతాడో అసలు ఆలోచించలేదు. తెరిచి ఉందా, మూసుకుందా అని చూపే చిన్న గాజు కన్ను ఉంది. మా గోడ దగ్గర అది మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంచితే తప్ప కనిపించదు. వెంట ఇచ్చిన కాగితంలో అక్షరాలు చీమల బారు. అన్నిటికన్నా ముఖ్యం, మూసుకున్న తర్వాత ఏం చేయాలో వాల్వు మీద ఒక్క ముక్క లేదు.

ఆ అవసరం భూకంపం లేకుండానే వచ్చింది. తోటపని చేసే అబ్బాయి గడ్డి కోసే యంత్రం వెళ్లి సరిగ్గా గొట్టానికి గుద్దుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం స్నానానికి వేడినీళ్లు లేవు, స్టవ్ క్లిక్కుక్లిక్కుమంటోందే గాని అంటుకోదు. మావారు గ్యాస్ బిల్లు కట్టామా లేదా అని వెతుకుతుంటే, నాన్న టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లి గాజు కన్ను చూసి వచ్చారు. “నీ గుండు దిగిపోయింది తల్లీ, బిల్లులు వెతకడం ఆపమను అల్లుడుగారిని” అన్నారు.

అప్పుడు ఏం చేశామో రాస్తాను, పనికొస్తుంది. ముందు ఇల్లంతా, గొట్టం వెంబడి, వాసన చూశాం. సహజవాయువుకు తనకంటూ వాసన ఉండదు, లీకు తెలియడానికే కుళ్లిన గుడ్ల కంపు కలుపుతారు. గొట్టానికి దెబ్బ తగిలిన చోట సబ్బునీళ్లు పూశాం, బుడగలు లేవు. స్టవ్, హీటరు, డ్రయ్యరు మీటలన్నీ కట్టేశాం. తర్వాత ప్లంబరు చూపించినట్లు వాల్వు పక్కన ఉన్న గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే గుండు తిరిగి దిమ్మె ఎక్కింది. పైలట్ మంట మళ్లీ వెలిగించుకున్నాం. ఇదంతా కారణం కళ్లెదుట కనిపిస్తున్న చిన్న దెబ్బ కాబట్టి. నిజంగా భూకంపానికి మూసుకుంటే మాత్రం లోపల గోడల్లో ఎక్కడ ఏం తెగిందో మనకు తెలియదు. ఎవరైనా తెలిసినవారు గొట్టాలన్నీ పరీక్షించేదాకా తెరవకూడదు. వాసన వస్తే దీపం మీట కూడా నొక్కకుండా బయటికి వచ్చి, దూరం నుంచి గ్యాస్ కంపెనీకి ఫోను చేయాలి.

చేతితో కట్టేయడం విషయంలోనూ ఒక హెచ్చరిక. 1994లో లక్షకు పైగా ఇళ్లవాళ్లు లీకు ఉందో లేదో చూడకుండా భయంతో మీటరు దగ్గర కట్టేసుకున్నారు. ఒకసారి అక్కడ కట్టేస్తే మనం తెరవకూడదు, కంపెనీ మనిషో, లైసెన్సున్న నిపుణుడో వచ్చి పరీక్షించి తెరవాలి. లక్ష గడపలు ఎక్కి దిగాలంటే ఎన్ని రోజులు పడుతుందో, జనవరి చలిలో జనం అన్ని రోజులు చన్నీళ్లు పోసుకున్నారు. వాసనో, బుస్సుమనే చప్పుడో, గొట్టం విరిగినట్లు కనబడడమో ఉంటేనే పానా తీయండి.

జపాన్‌లో ఈ తంటా లేదు. అక్కడ మీటరులోనే చిన్న కంప్యూటరు ఉండి, కుదుపు వారి కొలతలో 5 స్థాయికి వస్తే గ్యాస్ ఆపేస్తుంది. తర్వాత ఇంటివాళ్లే బొత్తాం నొక్కి, సుమారు మూడు నిమిషాలు ఆగితే, మీటరు తనంతట తానే లీకు చూసుకుని గ్యాస్ వదులుతుంది. ఇక్కడ మీటరు కంపెనీది, వాల్వు మనది, మధ్యలో ఉన్న ఆ అంగుళం గొట్టం దగ్గర బాధ్యతలు చేతులు మారతాయి. కొనేముందు నన్ను అడిగి ఉంటే జపాన్ మీటరుకే ఓటు వేసేదాన్ని. ఎవరూ అడగలేదు.

దుకాణంలో అధిక ప్రవాహ వాల్వు అని ఇంకో రకం చూపిస్తారు. అది కుదుపును పట్టించుకోదు, గొట్టం పూర్తిగా తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే మూసుకుంటుంది. గడ్డియంత్రం తగిలితే మూసుకోదు, ఆ సుఖం ఉంది. కానీ కీలు దగ్గర సన్నగా కారే గ్యాస్‌ను అది గుర్తుపట్టదు. మా ఇల్లు 1950ల నాటిది, కీళ్లన్నీ పాతవి. సన్నని లీకులే నాకు ఎక్కువ భయం కాబట్టి గుండు రకానికే మొగ్గాను. కొత్త గొట్టాలున్న ఇంట్లో వాళ్ల లెక్క వేరుగా ఉండవచ్చు.

బే ఏరియా మిత్రులు ఇది చదివి లాస్ ఏంజలెస్ గొడవ మనకెందుకు అనుకోవచ్చు. రాష్ట్రమంతటికీ వర్తించే నిబంధన లేని మాట నిజమే, ఎక్కడికక్కడ నగరమో కౌంటీయో పెట్టుకున్నవి. మీ వైపు కాంట్రా కోస్టా కౌంటీలోనూ ఇలాంటిది ఉంది. మీ ఇల్లు నగర పరిధిలోకి వస్తుందా, కౌంటీ కిందికి వస్తుందా అన్నది ముందు చూసుకుని, పర్మిట్ కార్యాలయంలో ఒక్క ప్రశ్న అడగండి. ఇల్లు అమ్మే వారం దాకా ఆగితే ప్లంబరు అడిగినంత ఇచ్చుకోవాలి. వుడ్‌ల్యాండ్ హిల్స్‌లో మా స్నేహితురాలు అలాగే ఇచ్చుకుంది, మాకైన దానికి దాదాపు రెట్టింపు.

నాన్న తిరిగి వెళ్లే ముందు వాల్వు పైన గోడకు ఒక రేకు ముక్క బిగించి, దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, తెరిచే పద్ధతి వరుసగా రాసి పెట్టారు. స్క్రూడ్రైవరును తీగతో పక్కనే వేలాడదీశారు. తోటపని అబ్బాయికి తెలుగు రాదు కాబట్టి గడ్డియంత్రానికి అడ్డంగా రెండు సిమెంటు కుండీలు నేను పెట్టాను. ఇక మిగిలింది డ్రయ్యరు వెనక ఉన్న పాత ఇత్తడి గొట్టం. దాన్ని మార్చడానికి అదే ప్లంబరును పిలిచాను, శనివారం వస్తానన్నారు.